వై నొక్కే వేలు

చేర్యాల బస్సు సిద్దిపేట బస్టాండ్‌లో ఆగింది. ఆ రోజు సద్దుల బతుకమ్మ. తంగేడు పూల మూటలు, గునుగు కట్టలు, పిల్లలు, సంచులు అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ దిగాయి. కిటికీ పక్క సీట్లో కూర్చున్న మనిషి మాత్రం దిగలేదు.

కండక్టర్ భుజం తట్టి, "ఓ పెద్దమనిషీ, సిద్దిపేటొచ్చింది, దిగు" అన్నాడు. పెద్దమనిషి పక్కకు ఒరిగిపోయాడు. పోలీసులు వెంటపడ్డారని బస్సులోనే తెలిసి, వక్కపొడితో పాటు సైనైడ్ నమిలేశాడు. ఒళ్లో చుట్టిపెట్టిన నకాషీ బొమ్మల పటం ఉంది. పటం చుట్టిన కర్ర లోపల డొల్ల. ఆ డొల్లలో వేలిగోరంత మెమొరీ కార్డు దొరికింది.

మధ్యాహ్నానికి ఆ కార్డు మెదక్ రోడ్డులోని ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపుకు చేరింది. ఆ షాపు ముందు గదిలో నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు అచ్చవుతాయి. వెనక గదిలో దేశ రహస్యాలు దాస్తారు. కరెంటు పోతే రెండు గదుల్లోనూ పని ఆగిపోతుంది. వెనక గదిలోకి వెళ్లాలంటే కౌంటర్ దగ్గర కోడ్ చెప్పాలి.

"పెద్దసారు ఫోటో జర చిన్నగ రావాలె" అన్నాడు ఏజెంట్ బాలనర్సయ్య.

ఫ్లెక్సీ కొట్టించుకునే వాడెవడూ చచ్చినా ఆ మాట అనడు కాబట్టి ఆ కోడ్ ఇంతవరకు పొరపాటున కూడా ఎవరి నోటా రాలేదు. తలుపు తెరుచుకుంది.

బాలనర్సయ్య డిపార్ట్‌మెంట్‌లో చేరి చాలా ఏళ్లయింది. ఈ మధ్య శత్రువుల కంటే నడుము నొప్పి అతన్ని ఎక్కువ వేధిస్తోంది. ఈ వయసులో తన వల్ల దేశానికి పెద్ద ఉపకారం జరుగుతుందని అతనికి నమ్మకం లేదు. అపకారం జరక్కుండా రిటైరైతే చాలనుకుంటున్నాడు.

బ్రాంచ్ చీఫ్ కాశీనాథం బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. షుగర్ మనిషి. చక్కెర లేని చాయ్ గ్లాసు ఎప్పుడూ చేతిలో ఉంటుంది, ఆ చేదు ఎప్పుడూ మాటలో ఉంటుంది.

"బాలనర్సయ్యా, ఎర్రకుంట రిజర్వాయర్ ఎరుకేనా?"

"ఎరుకే సార్. దాని కిందనే, వాగు ఒడ్డున మా అత్తగారి ఊరు. ఇయ్యాల మా ఇంటామె బాలలక్ష్మి, నా బిడ్డె హర్షిణి గాడనే ఉన్నరు. పొద్దుమీకంగ వాగు కాడికి బతుకమ్మ పట్టుకపోతరు."

కాశీనాథం గ్లాసు కింద పెట్టాడు. చాయ్ మధ్యలో ఆయన గ్లాసు కింద పెట్టడం బాలనర్సయ్య ఎన్నడూ చూడలేదు.

"రిజర్వాయర్ గేట్లన్నీ ఒక కంప్యూటర్ నడిపిస్తది. దాంట్ల 'గేట్స్' అని ఒక ఫైల్ ఉంటది. ఏ గేటు ఎప్పుడు లేవాలె, ఎంత లేవాలె, అంత గా ఫైల్‌లనే. రోజూ సాయంత్రం ఆరింటికి కంప్యూటర్ దాన్ని ఒక్కసారి చదువుతది. ఏముంటే గది చేస్తది. బయటిదేశపోళ్లు గసొంటి దొంగ ఫైల్ ఇంకోటి తయారు చేసిన్రు. పేరు గదే, రూపం గదే. గది చదివిందనుకో, గేట్లన్నీ ఒక్కసారే లేస్తయి."

"రిజర్వాయర్ నిండ ఉంది సార్."

"వాగు ఒడ్డు నిండ ఆడోళ్లుంటరు."

ముందు గదిలో మెషిన్ ఎవరిదో నవ్వు ముఖాన్ని గజాల కొద్దీ అచ్చేస్తూ గరగరలాడింది.

"దొంగ ఫైల్ గీ కార్డులనే ఉంది అన్నా" అంది మూలన కూర్చున్న ఎస్తేర్. ఆమె టెక్నికల్ ఆఫీసర్. "నెట్‌ల పంపితే దొరుకుతమని మనిషి చేత పంపిన్రు. గిది తప్ప వాళ్ల తాన ఈడ ఇంకోటి లేదు. గందుల ఏ అంకె ఏడుండాలెనో బయట కూసున్న ఇంజనీర్లకు తప్ప ఎవ్వరికి ఎరుక లేదు."

"అయితే పని అయిపోయినట్టే గద?"

"కార్డు దొరికింది గని, మనిషి దొరకలే" అన్నాడు కాశీనాథం. "రిజర్వాయర్ కాడ గా ఫైల్ అందుకునేటోడు ఎవడో ఉన్నడు. వాడు ఊరికే కూసుంటడా? అసలు ఫైల్‌ను కెలికితే మనం మళ్ల పెట్టాలె. నిన్ననే ఎస్తేర్ అసలు దాని కాపీ తీసి ఎర్ర పెన్ డ్రైవ్‌ల పెట్టింది."

ఒక్క కాపీ చాలదు, ఇంకోటి తీస్తానని ఎస్తేర్ బతిమిలాడింది. ఎన్ని కాపీలుంటే అన్ని లీకులని కాశీనాథం ఒప్పుకోలేదు. ఎస్తేర్ మాట ఆ ఆఫీసులో ఎవరికీ రుచించదు. దానికో కారణం ఉంది.

ఆ కంప్యూటర్లు నల్లటి తెర మీద కమాండ్లు కొట్టి పని చేయించుకునేవి. వాటిలో ఒక ఫైల్ మీద అదే పేరున్న ఇంకో ఫైల్ కాపీ చేస్తే పాతది చప్పుడు లేకుండా చస్తుంది. చెత్తబుట్టలో వెతికినా దొరకదు. గత నెల ఎస్తేర్ ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ, రిజర్వాయర్ కంప్యూటర్‌కూ ఒక కట్టుదిట్టం చేసింది. అప్పటి నుంచి కాపీ చేయబోతే మెషిన్, 'పాత ఫైల్ ఉంది, దాని మీద రాయనా?' అని అడుగుతుంది. ఫైల్ తీసెయ్యబోయినా ఇలాగే అడుగుతుంది. వై నొక్కితే అవునని. ఇంకేది నొక్కినా, ఏమీ నొక్కకుండా ఉత్త ఎంటర్ కొట్టినా, వద్దని. బాణం గుర్తు పెట్టి కొత్త సరుకును పాత ఫైల్లోకి తోయబోతే అసలు అడగనే అడగదు. 'ఉన్న ఫైల్ మీద రాయను' అని మొండికేస్తుంది. దాన్ని నోక్లాబర్ అంటారు. ఆ మొండితనాన్ని దాటాలంటే బాణం పక్కన ఒక నిలువు గీత పెట్టాలి. కీబోర్డు మీద ఆ గీత ఎంటర్‌కు సరిగ్గా పైనే ఉంటుంది.

"ఈ మెషిన్ నన్ను రోజుకు ఇన్నిసార్లు అడుగుతది. మా ఇంటామె గూడ గిన్నిసార్లు అడగది" అని కాశీనాథం విసుక్కునేవాడు.

మొదటి వారం అందరూ ఆ ప్రశ్న చదివారు. తర్వాత కళ్లు చదవడం మానేశాయి, వేళ్లు వై నొక్కడం నేర్చుకున్నాయి. అందరికంటే ముందు నేర్చుకున్నది బాలనర్సయ్య చూపుడు వేలు.

"కార్డు హైదరాబాద్ పంపాలె. పంపే ముందుగాల దాని కాపీ ఒకటి గా ఎర్ర పెన్ డ్రైవ్‌లనే ఏసుకో. సాక్ష్యం ఉంటది" అన్నాడు కాశీనాథం.

బాలనర్సయ్య కమాండ్ కొట్టాడు. మనసంతా వాగు ఒడ్డునే ఉంది. మెషిన్ ఏదో అడిగింది. వేలు వై నొక్కింది.

"పెన్ డ్రైవ్ కంట్రోల్ రూమ్‌ల లాస్య చేతికియ్యి. మిగతాది ఆమె చూసుకుంటది."

లాస్య డబుల్ ఏజెంట్. శత్రువుల ముఠాలో చేరి, వాళ్ల కబుర్లు మనకు అందిస్తూ ఉంటుంది. ఆమె ఫోటో హెడ్డాఫీసులో చాలామంది బల్లల సొరుగుల్లో ఉందని చెప్పుకుంటారు. ప్రస్తుతం ఇన్‌స్పెక్షన్ ఇంజనీర్ వేషంలో రిజర్వాయర్ దగ్గర మకాం వేసి ఉంది.

బాలనర్సయ్యకు పూలమ్మేవాడి వేషం కట్టారు. తలకు తువ్వాల, మోటార్ సైకిల్ వెనక తంగేడు పూల సంచి. చేతికి ఒక ప్రత్యేకమైన వాచీ ఇచ్చారు. మీట నొక్కితే చుట్టుపక్కల పోలీసులందరికీ కబురు పోతుంది, సిగ్నల్ ఉంటే. పిస్తోలు మాత్రం ఇవ్వలేదు. బీరువా తాళం పండుగకు వెళ్లిన స్టోర్ కీపర్ మొలతాడుకు ఉంది.

దారి పొడవునా ఊళ్లు కొత్త చీరలు కట్టుకుని తిరుగుతున్నాయి. ఒకచోట ఇద్దరాడపిల్లలు బండి ఆపి సంచిలోంచి పూలు అడిగారు. బాలనర్సయ్య దోసెడు ఇచ్చాడు. హర్షిణి ఈపాటికి బతుకమ్మ పేర్చడం అయిపోయి, తల్లి చేత జడ వేయించుకుంటూ ఉంటుంది. తొందరగా రమ్మని పొద్దున ఫోన్లో చెప్పింది. అతనికి భయం వేసింది. ఇన్నేళ్ల సర్వీసులో వేసిన భయాలన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు.

కంట్రోల్ రూమ్ ఆనకట్ట చివర, మందపాటి కాంక్రీటు గోడల మధ్య ఉంది. లోపలికి వెళ్లగానే ఫోన్లో సిగ్నల్ గీతలన్నీ మాయమయ్యాయి. ఆపరేటర్ పండుగ సెలవులో ఉన్నాడు. లాస్య ఒక్కతే కుర్చీలో కూర్చుని ఉంది. గొల్లభామ చీర, చెవులకు చిన్న బుట్టలు. అంత అందమైన మనిషి ఆ సిమెంటు గదిలో ఎందుకుందా అని బాలనర్సయ్యకు ఒక్క క్షణం అనిపించింది. ఆ అనుమానాన్ని ఇంకాసేపు ఉంచుకుని ఉంటే బాగుండేది.

"తెచ్చిన్రా?" అంది.

అతను పెన్ డ్రైవ్ ఆమె చేతిలో పెట్టాడు. అప్పుడే గోడనున్న పాత లాండ్‌లైన్ మోగింది. దగ్గరగా ఉన్నవాడు బాలనర్సయ్యే, ఎత్తాడు.

"అన్నా, నేను ఎస్తేర్‌ను. ఇందాక కాపీ చేసేటప్పుడు మెషిన్ అడిగితే వై కొట్టినవా?"

"కొట్టిన."

"ఏమడిగిందో సదివినవా?"

"ఎవరు సదువుతరు ఎస్తేరూ? రోజు అడిగేదే గద?"

"రెండు ఫైళ్ల పేరు ఒక్కటే అన్నా. దొంగది పోయి అసలు దాని మీద కూసుంది. ఇప్పుడు గా పెన్ డ్రైవ్‌ల దొంగది తప్ప ఏం లేదు. కార్డు హైదరాబాద్ పోయింది. దేవుని పుణ్యాన అది ఎవ్వలికియ్యకు. నేను పోలీసోళ్లను తీసుకొని బయలెల్లుతున్న."

బాలనర్సయ్య ఫోన్ పెట్టేసి గిర్రున తిరిగాడు.

"మేడం, దాన్ని పెట్టకున్రి! గది దొంగ ఫైల్!"

"ఇప్పుడు ఎరుకైంది" అంది లాస్య. ఆమె చేతిలో చిన్న పిస్తోలు ఉంది. "పొద్దున బస్‌ల మావోడు సచ్చిండని తెలిసినప్పుడు పని ఆగిపోయిందనుకున్న. మీరే తెచ్చిస్తరని కలల గూడ అనుకోలే."

ఆమె ఫోన్ తీగ పీకేసింది. పూల సంచి కట్టిన తాడు విప్పించి, దాంతోనే అతన్ని కుర్చీకి కట్టింది. గచ్చంతా తంగేడు పూలు చిమ్మాయి. అతను వీపు వెనక వాచీ మీట నొక్కుతూనే ఉన్నాడు. వాచీ సిగ్నల్ కోసం వెతుకుతూనే ఉంది.

గోడ గడియారంలో పెద్ద ముల్లు పైకి ఎక్కుతోంది. కిటికీలోంచి దూరంగా వాగు కనిపిస్తోంది. ఒడ్డున రంగురంగుల చీరలు గుండ్రంగా కదులుతున్నాయి. గాలి ఇటు వీచినప్పుడు చప్పట్లు వినిపిస్తున్నాయి. ఆ చప్పట్లలో ఒక జత తన బిడ్డవని బాలనర్సయ్యకు తెలుసు. ఆ నీళ్లను ఆమె మీదికి తానే మోసుకొచ్చాడు, జేబులో పెట్టుకుని.

లాస్య పెన్ డ్రైవ్ గుచ్చి, సెల్‌ఫోన్‌లో రాసిపెట్టుకున్న కమాండ్‌ను చూస్తూ కొట్టింది. కాపీ కమాండ్. మెషిన్ అడిగింది: 'పాత ఫైల్ ఉంది, దాని మీద రాయనా?'

ఆమె చిన్నగా నవ్వి ఎంటర్ కొట్టింది. ఇంకో మాట లేకుండా తెర కింది వరుసకు దిగింది.

"అయిపాయె" అంది.

బాలనర్సయ్య కళ్లు మూసుకున్నాడు. తెరిచి చూసేసరికి లాస్య ఫైల్ తెరిచి చూస్తోంది. పాత అంకెలే ఉన్నాయి. ఆమె నుదురు ముడిపడింది. ఫోన్లో కిందికి జరిపి రెండో కమాండ్ కొట్టింది. బాణం గుర్తుది.

'ఉన్న ఫైల్ మీద రాయను' అంది మెషిన్.

మళ్లీ కొట్టింది. మళ్లీ అదే మాట. ఆమెకు ఆ కమాండ్లు పంపిన వాడు ఎక్కడో చల్లటి దేశంలో కూర్చున్నాడు. వాడి మెషిన్ ఏనాడూ వాడిని ఏమీ అడిగి ఉండదు, వాడికి ఎదురు చెప్పి ఉండదు. వాడిని అడుగుదామంటే ఈ గదిలో సిగ్నల్ లేదు. బయటికెళ్లి రావడానికి టైమూ లేదు.

పిస్తోలు బాలనర్సయ్య కణతకు ఆనింది.

"ఏం చేసిన్రు దీనికి? ఎట్ల రాయాలె దీని మీద?"

అతనికి తెలుసు. ఎంటర్ పైన ఉన్న ఆ ఒక్క మీట. ఎస్తేర్ అందరినీ కూర్చోబెట్టి చెప్పిన రోజు అతను అక్కడే ఉన్నాడు. చూపు కీబోర్డు మీదికి పోకుండా గచ్చు మీది పూలను చూస్తూ కూర్చున్నాడు.

"నాకేం ఎరుక మేడం? నాకు గంత తెలివే ఉంటే దొంగ ఫైల్ తెచ్చి నీ చేతుల వెడ్తనా?"

లాస్య అతన్ని ఎగాదిగా చూసింది. ఆ మాట నమ్మడానికి ఆమెకు కష్టం కాలేదు. అతని సర్వీసులో కట్టిన వేషాలన్నిటిలోకి అచ్చంగా అతికింది ఇదొక్కటే.

"అయితే పాతదాన్ని తీసేద్దాం. లేని ఫైల్ మీద రాయనని ఎట్లంటదో చూస్త." ఆమె తెలివైనదే. అతని కుడిచేతి కట్టు విప్పింది. "దీంట్ల ఏ మందుపాతర పెట్టిన్రో. మీరే కొట్టుండ్రి. డిలీట్ కమాండ్. వేరేది కొడితే ఇక్కడే చస్తరు."

బాలనర్సయ్య కొట్టాడు. గడియారంలో పెద్ద ముల్లు నిలువుగా నిలబడడానికి జానెడు కాదు, గోరంత దూరంలో ఉంది.

'గేట్స్ ఫైల్‌ను తీసెయ్యనా?' అని అడిగింది మెషిన్.

"ఏమంటుంది?"

"తీసెయ్యాల్నా అని అడుగుతుంది మేడం."

"తీసెయ్యమను!"

చూపుడు వేలు దానంతటదే లేచింది. వై వైపు వెళ్లింది. అలవాటు. భయం దాన్ని ఇంకా తొందరపెట్టింది. వేలు మీటను తాకింది కూడా. ఆ మీట మీద చెమట అంటుకోవడం అతనికి తెలిసింది. అప్పుడు, ఆ నెల రోజుల్లో మొదటిసారి, బాలనర్సయ్య మెషిన్ అడిగిన ప్రశ్నను చివరిదాకా చదివాడు. ఒక్కో అక్షరం చదివాడు. ఎవరో తన ముఖంలోకి చూసి, నీ బిడ్డను తీసెయ్యనా అని అడిగినట్టుంది.

వేలిని బలవంతంగా వెనక్కి తీశాడు. చిటికెన వేలితో ఎంటర్ కొట్టాడు.

తెర కింది వరుసకు దిగింది. ఏమీ అనలేదు. చిన్నప్పటి నుంచి ఎంటర్ అంటే అవుననే అనుకుంటూ పెరిగిన లాస్య, "శభాష్" అంది. అతన్ని పక్కకు తోసి బాణం కమాండ్ తానే కొట్టింది.

'ఉన్న ఫైల్ మీద రాయను.'

గడియారం ఆరు కొట్టింది.

గోడ మీది దీపాలన్నీ ఒక్కసారి ఆరి వెలిగాయి. కంప్యూటర్ ఫైల్ చదువుకుంది. నిన్నటి అంకెలే, మొన్నటి అంకెలే. గేట్ల దీపాలు ఒకదాని తర్వాత ఒకటి పచ్చగా నిలబడ్డాయి. ఏ గేటూ కదలలేదు. వాగు ఒడ్డున చప్పట్లు ఆగలేదు.

బాలనర్సయ్య ఏడ్చాడు. సిగ్గుపడకుండా, చప్పుడు చేస్తూ ఏడ్చాడు.

లాస్య కాసేపు తెర వైపే చూసింది. అతన్ని కాల్చాలా వద్దా అని ఆలోచించినట్టుంది. కాల్చినా ఇప్పుడు లాభం లేదు, చప్పుడు తప్ప. కింద జీపు మోత వినబడింది. ఆమె పిస్తోలును చీర కుచ్చిళ్లలో దోపుకుని, గచ్చు మీది తంగేడు పూలు ఒడిలోకి ఎత్తుకుంది.

"ఎవరు పెట్టిన్రు దానికి ఈ బుద్ధి?"

"ఎస్తేర్ అని ఉంది, మా ఆఫీసుల. ఎవ్వలు దాని మాట ఇనరు."

"అనుకున్న" అంది లాస్య. వెనక తలుపు నుంచి దిగి వాగు వైపు నడిచింది. ఎస్తేర్, కానిస్టేబుళ్లు వచ్చేసరికి వాగు ఒడ్డున పూలు మోస్తున్న ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. ఒక్కొక్కరినీ ఆపి అడిగే ధైర్యం పోలీసులకు లేకపోయింది.

పండుగ వెళ్లాక బాలనర్సయ్యకు మెమో వచ్చింది. పెన్ డ్రైవ్ సంగతి అందులో ఉంది, వాగు సంగతి లేదు. ఎస్తేర్‌ను ట్రైనింగ్ పేరుతో దూరంగా పంపించారు. లాస్య ఫోటో ఇప్పటికీ సొరుగుల్లోనే ఉందట. ఆ పైన హెడ్డాఫీసు నుంచి ఇంకో ఆర్డర్ దిగింది. కంప్యూటర్లు పదేపదే ప్రశ్నలడగడం వల్ల సిబ్బంది చదవకుండా జవాబిచ్చే ప్రమాదకరమైన అలవాటుకు లోనయ్యారట. అందుచేత అడగడం పూర్తిగా మాన్పించాలట. ఆఫీసులోనూ, రిజర్వాయర్ దగ్గరా.

ఆ పని చేసే శిక్ష బాలనర్సయ్యకే పడింది. కాశీనాథం చాయ్‌కి చెప్పి, వెనకే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

రిజర్వాయర్ కంప్యూటర్‌కు కొత్తగా వేయించిన లైన్ కలిపి, బాలనర్సయ్య ఎస్తేర్ సెట్టింగుల ఫైల్ మీదికి పాత సెట్టింగులు కాపీ చేయమని కమాండ్ కొట్టాడు. మెషిన్ చివరిసారిగా అడిగింది: 'పాత ఫైల్ ఉంది, దాని మీద రాయనా?'

ఇవాళ కాకపోతే రేపు ఇంకెవరో వచ్చి వై నొక్కుతారని అతనికి తెలుసు. ఈ ఆఫీసులో వేళ్లకు కొదవ లేదు. అయినా చదివాడు. చదివి, చిటికెన వేలితో ఎంటర్ కొట్టాడు.

"అయిపోయింది సార్."

"సూసినవా, ఎంత అల్కగ అయిందో? ఇగ ఏదీ మనల్ని అడగది" అన్నాడు కాశీనాథం, ఫోన్ మీంచి తల ఎత్తకుండానే.

చాయ్ తెచ్చినాయన గుమ్మంలో నిలబడి, "చక్కెర ఎయ్యాల్నా సార్?" అని అడిగాడు.

"ఆఁ, ఆఁ" అన్నాడు కాశీనాథం.